లేని పిల్లకు కేసు, ఉన్న పిల్లకు మౌనం

“కన్యాశుల్కం” మీద మన విమర్శకులు రాసినంతగా మరో తెలుగు నాటకం మీద రాయలేదు. గిరీశం దుర్మార్గుడా, కాలం కన్న బిడ్డా అని వాదించుకున్నాం. మధురవాణి వంటి వేశ్య సాధ్యమా, అసాధ్యమా అని వాదించుకున్నాం. గురజాడ సంస్కర్తా, సంస్కర్తలను వెక్కిరించినవాడా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. ఇవన్నీ అవసరమైన వాదాలే. కాని వీటి కింద పడి ఒక చిన్న ప్రశ్న నలిగిపోయింది. ఈ నాటకం చివరి అంకాలలో విశాఖపట్నం చేరి కోర్టు చుట్టూ తిరుగుతుంది గదా, అక్కడ విచారణకు వచ్చిన పెద్ద నేరం ఏమిటి?

హత్య. లుబ్ధావధానులు తన కొత్త పెళ్ళాన్ని చంపాడని అభియోగం. ఆ పెళ్ళాం ఎవరు? కరటకశాస్త్రి శిష్యుడు మహేశం. ఆడపిల్ల వేషం వేసుకుని పెళ్ళిపీటల మీద కూర్చుని, సమయం చూసి వేషం విప్పేసి వెళ్ళిపోయిన మగపిల్లవాడు. అంటే చచ్చిన పిల్ల లేదు సరికదా, అసలు పుట్టిన పిల్లే లేదు.

దీన్ని కథ నడపటానికి వేసిన ఎత్తుగా, హాస్యానికి ఆధారంగా చూడటం మనకు అలవాటు. నేను దీన్ని మరో రకంగా చూడమంటున్నాను. ఆడపిల్లల అమ్మకం ఇతివృత్తంగా గల నాటకంలో పోలీసులూ, వకీళ్ళూ, సాక్షులూ, మొత్తం నేరవిచారణ యంత్రాంగమంతా లేని పిల్ల శవం కోసం కదిలింది. ఉన్న పిల్ల సుబ్బి కోసం ఒక్క కాగితం కదలలేదు. గురజాడ దీన్ని పనిగట్టుకుని పెట్టాడా, కథ అలా నడిచిందా అన్నది ముఖ్యం కాదు. అందులో దొరికిన నిజం ముఖ్యం. అమ్ముడుపోయిన పిల్లను చట్టం మనిషిగా చూడదు. తనకు పనికివచ్చే రూపంలో, అంటే శవంగానో, సాక్ష్యంగానో, ముద్దాయిగానో దొరికితేనే చూస్తుంది. ఈ నిజం 1892లో విజయనగరం రంగస్థలం మీదనే ఆగిపోయిందా, నేటి విశాఖపట్నంలోనూ బతికి ఉన్నదా? ఉంటే, సాహిత్యం ఆ విషయంలో ఎక్కడ నిలబడింది? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నలకే పరిమితం.

ముందు ఆనాటి వాస్తవం చూద్దాం. 1897 నాటి మొదటి కూర్పు పీఠికలో గురజాడ కొన్ని అంకెలు ఇచ్చాడు. ఆనంద గజపతి మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితా తయారు చేయించాడు. మూడేళ్ళకు లెక్కకు వచ్చిన పెళ్ళిళ్ళు 1034. ఏడాదికి సగటున 344. ఆ పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు 6 గురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. శుల్కం పుచ్చుకున్నవాళ్ళు ఆ సంగతి ఒప్పుకోరు గనుక ఈ జాబితా కూడా సమగ్రం కాదని గురజాడే చెప్పాడు.

ఇంత బాహాటంగా జరిగిన వ్యాపారం మీద చట్టం ఏమన్నది? 1860 నాటి ఇండియన్ పీనల్ కోడులో 372, 373 సెక్షన్లు ఉన్నాయి. మైనరును వ్యభిచారం కోసం అమ్మటం, కొనటం నేరం. పెళ్ళి కోసం అమ్మితే? అది ఆచారం, అందులో సర్కారు వేలు పెట్టదు. మహారాజు మద్రాసు శాసనసభలో ఒక బిల్లు తెచ్చాడు. అది చట్టం కాలేదు. కలకత్తాలో ఫూల్‌మణి అనే పసిపిల్ల కాపురానికి వెళ్ళి చనిపోయిన తరువాత, 1891లో సమ్మతి వయస్సును 10 నుంచి 12 ఏళ్ళకు పెంచారు. చట్టానికి చలనం రావటానికి అక్కడ కూడా ఒక శవం కావలసివచ్చింది. ఆ మరుసటి ఏడాదే “కన్యాశుల్కం” మొదటిసారి ప్రదర్శితమయింది.

ఈ నేపథ్యంలో నాటకాన్ని మళ్ళీ చదవండి. అగ్నిహోత్రావధానులు పెద్ద కూతురు బుచ్చమ్మను ముసలివాడికి ఇచ్చి విధవను చేసుకున్నాడు. ఇప్పుడు రెండో కూతురు సుబ్బిని 1800 రూపాయలకు లుబ్ధావధానులకు ఇవ్వటానికి సిద్ధమయ్యాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకింది. ఇంట్లో ఇంత జరిగినా అది ఇంటి సంగతే. అగ్నిహోత్రావధానులు కోర్టు గుమ్మం ఎరగనివాడు కాదు. వ్యాజ్యాలంటే పడిచచ్చే మనిషి. అయినా ఆ కోర్టు గుమ్మం కూతుళ్ళ వైపు తెరుచుకోదు. అదే ఒక పెళ్ళికూతురు మాయమయిందనగానే హెడ్డు కనిస్టీబుకు పని దొరికింది. రామప్పపంతులుకు పని దొరికింది. ప్రైవేటు వకీలుకు, మెట్లెక్కిన వకీలుకు, సాక్షులకు అందరికీ పని దొరికింది. ఎందుకంటే హత్యకేసులో డబ్బున్న ముద్దాయి ఉన్నాడు. అమ్మబోతున్న పిల్ల చేతిలో ఏమున్నది? ఆమెను నిలబెట్టి ఎవరు ఏం సంపాదిస్తారు?

ఇది గురజాడ చూపించిన మొదటి సూత్రం. వలస ప్రభుత్వపు నేరన్యాయ యంత్రం బాధ ఎక్కడుంటే అక్కడికి పోదు. రాబడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది.

రెండోది ఇంకా చేదు. ఆ అమ్మకపు పెళ్ళి నుంచి పారిపోగలిగిన పెళ్ళికూతురు నాటకంలో ఒక్కరే. ఆ ఒక్కరూ ఆడపిల్ల కాదు. మహేశానికి వెనుక ఉపాయం పన్నిన గురువు ఉన్నాడు, సహాయం చేసిన మధురవాణి ఉన్నది, విప్పేసి పారేయగల వేషం ఉన్నది. సుబ్బికి ఆడపుట్టుక వేషం కాదు గదా! ఇక ఇల్లు దాటిన బుచ్చమ్మ సంగతి చూడండి. ఆమె గిరీశాన్ని నమ్మి వచ్చింది. గిరీశం బండారం బయటపడిన తరువాత సౌజన్యారావు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపటానికి నిర్ణయించాడు. మంచివాడే, మంచి ఉద్దేశమే. కాని నిర్ణయం ఎవరిది? నీకేం కావాలమ్మా అని ఆమెను నిలబెట్టి అడిగే ఘట్టం నాటకంలో లేదు. అమ్మేవాడు తండ్రి, లేవదీసుకుపోయేవాడు గిరీశం, కాపాడి ఎక్కడికో పంపేవాడు సౌజన్యారావు. ముగ్గురి మధ్యా ఆమె నోరు విప్పవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. “కన్యాశుల్కం” ప్రహసన లక్షణాలున్న నాటకం; సుబ్బి పసిపిల్ల; పసిపిల్ల నోట ఉపన్యాసం పెట్టమంటారా అని. పెట్టమనటం లేదు. పెట్టి ఉంటే నాటకం చెడేది. అయితే అదే గురజాడ “పూర్ణమ్మ”లో ముసలి మొగుడికి అమ్ముడుపోయిన పిల్లకు గొంతు ఇచ్చాడు. ఆమె అన్నలతో, తమ్ములతో తన మాట తాను చెప్పుకుని వెళ్ళి దుర్గ కొలనులో మునిగిపోయింది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. పూర్ణమ్మకు గొంతు ఉన్నది, కోర్టు లేదు. సుబ్బి కథలో కోర్టు ఉన్నది, సుబ్బికి గొంతు లేదు. పిల్ల మాట, న్యాయస్థానం, రెండూ ఒకేచోట కలుసుకున్న దృశ్యాన్ని ఆ మహారచయిత కూడా ఊహించలేకపోయాడు. అది ఆయన లోపం కాదు. ఆయన ఎదుట అటువంటి దృశ్యమే లేదు. అందుకని ఆయన్ను తప్పుపట్టేవాడు చరిత్ర తెలియనివాడు. కాని తరువాతి వందేళ్ళలో ఆ దృశ్యం ఏర్పడిందా అని అడగనివాడు విమర్శకుడు కాడు.

తరువాత చట్టాలు వచ్చాయి. 1929లో శారదా చట్టం వచ్చింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణను నిషేధించారు. రాజ్యాంగం 23వ అధికరణంలో మనుషుల క్రయవిక్రయాన్నీ వెట్టినీ నిషేధించింది. 1956లో స్త్రీల, బాలికల అవినీతి వ్యాపార నిరోధక చట్టం వచ్చింది. పెళ్ళి పేరుతో అమ్మిన మైనరు వివాహం చెల్లదని సూటిగా చెప్పటానికి మాత్రం 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం దాకా ఆగవలసివచ్చింది. సుబ్బి బేరం రంగస్థలం ఎక్కిన 114 ఏళ్ళకు!

ఇందులో 1956 చట్టాన్ని కాస్త నిదానించి చూడాలి. ఎందుకంటే మధురవాణి పట్ల సౌజన్యారావుకున్న ముఖం చిట్లింపు అందులో చట్టరూపం ధరించింది. లుబ్ధావధానులును ఉరికంబం నుంచి తప్పించే నిజం మధురవాణి చేతిలో ఉన్నది. ఆ నిజం చెప్పటానికి ఆమె మగవేషంలో రావలసివచ్చింది. ఆమె మాటకు ఆమె ముఖంతో విలువలేదు. 1956 చట్టం దళారులనూ గృహాలు నడిపేవాళ్ళనూ శిక్షిస్తానని బయలుదేరింది. కాని అందులోనే 8వ సెక్షను ఉన్నది: బహిరంగంగా పిలవటం నేరం. 1986 సవరణ తరువాత చట్టం పేరు మారింది, ఆ సెక్షను మిగిలింది. స్త్రీకి మొదటిసారి 6 నెలల దాకా జైలు. ఆ సెక్షను కింద నేరం చేసింది పురుషుడయితే 7 రోజులకు తగ్గకుండా 3 నెలల దాకా. పిలిచిన స్త్రీకి ఎక్కువ కాలం, పురుషుడికి తక్కువ కాలం. చట్టం ఎవరి కళ్ళతో చూస్తున్నదో చెప్పటానికి ఇంతకంటే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఈ చట్టం కింద పట్టుబడిన పిల్ల బాధితురాలా, ముద్దాయా అన్నది చాలాసార్లు ఒక్క అంకె మీద తేలిపోతుంది. కాగితం మీద వయస్సు 17 అని రాస్తే ఆమె రక్షణ అవసరమైన బాలిక. 18 అని రాస్తే దారి మారిపోతుంది: కేసు పెట్టవచ్చు, మేజిస్ట్రేటు విచారించి ఏడాది నుంచి మూడేళ్ళ దాకా రక్షణ గృహంలో ఉంచమనవచ్చు. ఆమెను నడిపించిన దళారికి ఈ సంగతి బాగా తెలుసు. ముందుగా ఆ పిల్లకు నేర్పే పాఠం అదే: ఎవరడిగినా పందొమ్మిది నిండాయని చెప్పు.

విశాఖపట్నం ఈ కథకు తగిన రంగస్థలం ఎలా అయిందో కూడా చూడాలి. 1933లో ఓడరేవు తెరిచారు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఉద్యమం జరిగింది; 1971లో శంకుస్థాపన జరిగింది. హౌరా–మద్రాసు మార్గంలో పెద్ద కూడలి. కొత్తవలస–కిరండూలు మార్గం బస్తరు ఇనుప ఖనిజాన్ని కొండల మీదుగా రేవుకు దించుతుంది. ఖనిజం దిగివచ్చే దారే, పని వెతుక్కునే మనుషులు దిగివచ్చే దారి కూడా. ఇటు ఉత్తరాంధ్ర పల్లెలు, అటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ గిరిజన ప్రాంతాలు. పని చూపిస్తానన్నవాడి చేయి పట్టుకుని పిల్లలు ఈ ప్లాట్‌ఫారం మీద రైలు మారతారు. పిల్లలు అమ్ముడుపోవటానికి కారణం వాళ్ళ తల్లిదండ్రుల అజ్ఞానం అని చెప్పేవాళ్ళు ఈ పటం ఒకసారి చూడాలి. భూమి చాలని ఇల్లు, అప్పు, చవక చేతుల కోసం వెతికే యజమాని, వీరిని కలిపే దళారి, ఇవి నాలుగూ ఒకచోట చేరితే అమ్మకం జరుగుతుంది. పిల్ల ఆ నాలుగింటి మొత్తం.

ఈ విశాఖ కోర్టును సాహిత్యంలోకి తెచ్చినవాడు రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993). ఆ కోర్టులలో వకీలుగా నిలబడ్డ మనిషి. “ఆరు సారా కథలు”లోని “మాయ”లో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ తన తరఫు కుర్ర వకీలుకు పోలీసూ, కోర్టూ, డబ్బూ ఎలా ముడిపడి ఉన్నాయో తన భాషలో చెబుతుంది. గురజాడ దగ్గర లేనిది రావిశాస్త్రి దగ్గర వచ్చింది: బోనెక్కిన మనిషి కోర్టును విమర్శిస్తున్నది. తెలుగు కథకు ఇది పెద్ద అడుగు. అయితే ముత్యాలమ్మ లోకం చూసిన మనిషి. ఎదురుదెబ్బ తిని, ఎదురుమాట నేర్చింది. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ మాటకారితనం ఎక్కడినుంచి వస్తుంది? ఆమె ముత్యాలమ్మ కాకపోయినా ఆమె మాట చెల్లేట్టు చెయ్యటమే న్యాయవ్యవస్థ పని. ఆ పని జరుగుతున్నదా?

కాగితం మీద జరుగుతున్నది. ఇది ఒప్పుకోవాలి, ఒప్పుకోనివాడి విమర్శకు బలం ఉండదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్ల వాంగ్మూలం ఆమె ఇంట్లోనో ఆమె కోరినచోటనో తీసుకోవాలి; వీలయినంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి; యూనిఫారంలో ఉండకూడదు. ముద్దాయి ఆమె కంటపడకూడదు. వకీలు ప్రశ్నలు న్యాయమూర్తి ద్వారానే పిల్లను చేరాలి. ఆమెను పదేపదే కోర్టుకు పిలవకూడదు. విచారణకు తీసుకున్న నాటినుంచి 30 రోజులలో ఆమె సాక్ష్యం, వీలయినంతవరకు ఏడాదిలో విచారణ పూర్తి కావాలి. 2013లో పీనల్ కోడు 370 సెక్షనును మార్చి, మనుషుల అక్రమ రవాణాకు నిర్వచనం ఇచ్చి, బాధితుల సమ్మతి లెక్కలోకి రాదన్నారు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 143వ సెక్షను. బాలుర రవాణాకు పదేళ్ళకు తగ్గని శిక్ష.

ఇన్ని మంచి మాటలుండగా లోపం ఎక్కడున్నది? పిల్ల నడిచే దారి వెంట మనమూ నడిస్తే కనబడుతుంది. మొదట పట్టుకున్న పోలీసులకు తన కథ చెప్పాలి. వయస్సు, గాయాలు పరీక్షించే డాక్టరుకు చెప్పాలి. బాలల సంక్షేమ కమిటీకి చెప్పాలి. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలంగా చెప్పాలి. మళ్ళీ కోర్టులో సాక్ష్యంగా చెప్పాలి. తక్కువలో తక్కువ అయిదుసార్లు. ఒకసారి భయంతో, ఒకసారి సిగ్గుతో, ఒకసారి ఊరిపేరు సరిగా తెలియక చెప్పిన మాటలు పక్కపక్కన పెడితే తేడాలుంటాయి. ఆ తేడాలే ఎదుటి వకీలుకు ఆయుధం. తన దుఃఖాన్ని అయిదుసార్లు పొల్లుపోకుండా అప్పజెప్పగల మనిషి మనలో ఎవరున్నారు?

ఇంతలో కేసు ఒక ఊళ్ళో, పిల్ల ఇల్లు మరో రాష్ట్రంలో. వాయిదా వచ్చినప్పుడు కూలి మానుకుని తండ్రి ఆమెను రైలెక్కించి తేవాలి. పిల్లలు సొంత జిల్లా కోర్టునుంచే వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అది ఎంత ఆలస్యంగా తట్టిన ఆలోచనో గమనించండి. అమ్మకం రాష్ట్రాల సరిహద్దులు దాటటం వందేళ్ళ కిందటే నేర్చింది. సాక్ష్యం దాటటం మొన్న నేర్చింది.

వకీళ్ళ సంగతి. పట్టుబడిన పిల్లలను విడిపించటానికి వచ్చే వకీలు, వాళ్ళను నడిపించినవాడి వకీలు ఒకరే అయితే ఏమవుతుంది? పిల్ల తిరిగి అదే ఇంటికి పోతుంది. ఇది ఊహ కాదు. “ప్రేరణ” సంస్థ వేసిన కేసులో బొంబాయి హైకోర్టు 2002లో దీన్ని నిషేధిస్తూ, ఇటువంటి పిల్లలు రక్షణ అవసరమైనవాళ్ళే గాని నేరస్థులు కారని విడమరిచి చెప్పవలసివచ్చింది. గురజాడ వకీళ్ళు బతికే ఉన్నారన్నమాట. తలపాగాలు మాత్రం పోయాయి.

ఇక పరిహారం. 2009లో క్రిమినల్ ప్రొసీజరు కోడులో 357-ఎ సెక్షను చేర్చి, ప్రతి రాష్ట్రం బాధితుల పరిహార పథకం పెట్టాలన్నారు. ముద్దాయి దొరకకపోయినా, శిక్ష పడకపోయినా పరిహారం ఇవ్వవచ్చు. ఇది మంచి సూత్రం. కాని ఆ డబ్బు తనకు వస్తుందని పిల్లకు చెప్పేదెవరు? దరఖాస్తు రాసేదెవరు? మరోవైపు, వెట్టినుంచి విడిపించినవాళ్ళకోసం కేంద్రం 2016లో సవరించిన పథకంలో, వ్యభిచార గృహాలనుంచి, రవాణానుంచి విడిపించిన పిల్లలకు 3 లక్షల రూపాయల దాకా రాసి, తుది చెల్లింపును మాత్రం న్యాయప్రక్రియ ఫలితానికి ముడిపెట్టారు. అంటే పోలీసు దర్యాప్తు చెడితే, సాక్షి ఎదురుతిరిగితే, కేసు ఏళ్ళతరబడి నడిస్తే, ఆ భారం మోసేది పిల్ల. తన జీవితం బాగుపడాలంటే ముందు తాను మంచి సాక్షి అనిపించుకోవాలి! కొన్నవాడి చేతిలో సరుకు, కోర్టు చేతిలో వస్తుసాక్ష్యం. ఒక వస్తువుతనం నుంచి మరో వస్తువుతనానికి బదిలీ.

ఈ మాటకు విశాఖలోనే ఒక ఎదురు నిదర్శనం ఉన్నది. దాన్ని దాచటం న్యాయం కాదు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఒక ముఠాను బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, డబ్బు తీసుకుని, ఉత్తరాంధ్ర కుర్రవాళ్ళను కాంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదులలో బంధించి, మన దేశంలోని మనుషులనే ఫోన్లలో మోసం చేసే పని చేయించారు. సిహనూక్‌విల్‌లో వందలమంది భారతీయులు తిరగబడ్డారు. ఆ నెలలోనే విశాఖ కుర్రవాళ్ళు కొందరు తిరిగివచ్చారు. ఒకప్పుడు ఈ తీరంనుంచే కూలీలు మేస్త్రీ చేతి బయానా పుచ్చుకుని రంగూను ఓడ ఎక్కారు. మేస్త్రీ ఇప్పుడు ఏజెంటు అయ్యాడు. ఇక్కడ మనం గమనించవలసింది, పోలీసులు ఈ కుర్రవాళ్ళను బాధితులుగానే చూశారు. వాళ్ళ చేతులమీదుగా మోసాలు జరిగినా, నేరం ఆ చేతులను కట్టినవాళ్ళదని గ్రహించారు. ఇది సరైన పని.

అయితే ఇది అధికారుల వివేకంమీద నిలబడ్డ న్యాయం. చట్టంమీద నిలబడ్డది కాదు. బలవంతంమీద చేసిన పనికి మన శిక్షాస్మృతి ఇచ్చే మినహాయింపు చాలా ఇరుకైనది. 1860లో 94వ సెక్షను, ఇప్పుడు న్యాయ సంహితలో 32వ సెక్షను: అప్పటికప్పుడు ప్రాణం పోతుందన్న భయం ఉంటేనే వర్తిస్తుంది. పాస్‌పోర్టు లాక్కోవటం, తిండి పెట్టకపోవటం, ఇంటిమీద అప్పు మోపటం అందులోకి రావు. రవాణా బాధితుల చేత బలవంతంగా చేయించిన నేరాలకు వాళ్ళను శిక్షించరాదన్న సూత్రాన్ని లోకం చాలాచోట్ల ఒప్పుకున్నది. మన చట్టంలో అది అక్షరరూపంలో లేదు. 2018లో రవాణామీద సమగ్ర బిల్లు ఒకటి లోక్‌సభ దాటింది గాని, 2019లో సభతోపాటే మురిగిపోయింది.

మరో ప్రశ్న కూడా వేసుకుందాం. ఉద్యోగం కోసం పోయి మోసపోయిన కుర్రవాడిని మనం వెంటనే బాధితుడంటాం. పని కోసం పోయి మోసపోయిన పిల్లను, ఆమె పడ్డచోటు ఎక్కడో విన్నాక, అంత వెంటనే అంటామా? ఒక్క క్షణం ఆగుతాం. ఆ క్షణమే 8వ సెక్షను. అది చట్టంలోకి మన బుర్రలలోనుంచే పోయింది.

అందుకనే నేను సాహిత్యాన్ని కూడా బోనెక్కించాను. మన అభ్యుదయ సాహిత్యం అమ్ముడుపోయిన ఆడపిల్లను ఏం చేసింది? చాలా కన్నీళ్ళు పెట్టింది. ఆమెను “పతిత” అన్నది, “అభాగిని” అన్నది, పెట్టుబడిదారీ సమాజపు కుళ్ళుకు ప్రతీక అన్నది. ప్రతీకకు పేరు ఉండదు, ఊరు ఉండదు, వయస్సు ఉండదు. కథ చివర ఆమె చచ్చిపోవటమో, సంస్కర్త చేయి పట్టుకోవటమో జరుగుతుంది. కోర్టు ఆమెను సాక్ష్యంగా వాడుకుంటే మనం ఆమెను సిద్ధాంతానికి ఉదాహరణగా వాడుకున్నాం. ఇద్దరం ఆమె నోరు విప్పేదాకా ఆగలేదు. వర్గదృష్టి అంటే మనిషిని వర్గంలో కలిపి మాయం చెయ్యటం కాదు. ఆ మనిషి మాటలోనుంచి వర్గసంబంధాలు కనబడేట్టు చెయ్యటం. రావిశాస్త్రి ముత్యాలమ్మకు చేసింది అదే. సుబ్బికి ఆ పని ఇంకా ఎవరూ చెయ్యలేదు.

చివరగా ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులకు ఒక మాట. కోర్టు మనకు దూరం, చట్టసభ ఇంకా దూరం అనుకుంటాం. పిల్ల వయస్సు తేల్చటానికి 2015 నాటి బాలన్యాయ చట్టం 94వ సెక్షను ఒక వరస చెప్పింది. మొదట చూడవలసింది బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం లేదా మెట్రిక్యులేషను సర్టిఫికెట్టు. అవి లేకపోతే మునిసిపాలిటీనో పంచాయతీనో ఇచ్చిన జనన ధ్రువపత్రం. అవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. అది రెండేళ్ళు అటూ ఇటూ చెబుతుంది. పదిహేడుకూ పందొమ్మిదికీ మధ్య ఉన్న ఆ రెండేళ్ళలోనే దళారి బతుకుతాడు. మీ బీరువాలో దుమ్ముపట్టిన అడ్మిషన్ల రిజిస్టరు ఆ పిల్లకు ఏ వకీలూ ఇవ్వలేని రక్షణ. బడి మానేసిందని పేరు కొట్టివేసే ముందు ఆమె ఎక్కడికి పోయిందో అడగండి. ఎవరి వెంట పోయిందో అడగండి. విద్యార్థులకు వేరే పని ఉన్నది: ఆ అడిగినదాన్ని రాయండి, ఆమె చెప్పిన మాటలతో రాయండి.

విశాఖ జిల్లాలో 1034 పెళ్ళిళ్ళ జాబితా తయారయినప్పుడు పిల్లల వయస్సు రాశారు, ధర రాశారు. గురజాడ మనకందించిన ఆ లెక్కలో వాళ్ళ పేర్లు లేవు. ప్రతి ఉదయం మన బడులలో పేరు పిలిచి, పలికేదాకా ఆగుతాం. ఆ పాటి పని మన కోర్టులూ, మన కథలూ కూడా నేర్చుకోవలసి ఉన్నది.